కారిడార్‌లో చచ్చిపడ్డ తేనెటీగలు, టెర్రస్ మీద టవరు

పోయిన ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున ఆరున్నరకి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పడింది. నాలుగో ఫ్లోర్ లిఫ్టు ముందర టైల్స్ మీద ముప్పై నలభై తేనెటీగలు వెల్లకిలా పడున్నాయి, ఒకట్రెండు ఇంకా కాళ్ళు ఆడిస్తున్నట్టున్నాయి. కింద ఒకటే లైను, "పైన ఏముందో అందరికీ తెలిసిందే కదా." పైన ఉన్నది సెల్ టవరు. ఇంక చూస్కోండి, ఆఫీసుకి బయల్దేరేలోపే నూటికి పైగా మెసేజీలు, ఒకరు ఫైవ్‌జీ అంటారు, ఇంకొకరు వాళ్ళ మేనత్త కొడుక్కి తలనొప్పి ఆ టవర్ వల్లే అంటారు, టవర్ అద్దె వదులుకుంటే మెయింటెనెన్స్ ఎంత పెరుగుద్దో కాస్త ఆలోచించండని ట్రెజరర్ గారు అంటే మీకు డబ్బులే ముఖ్యమా అని ఆయన్ని దులిపేశారు.

మాది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర, బ్లాకులో సగం మంది మనవాళ్ళే. టెర్రస్ మీద టవర్ ఉన్నమాట నిజం. దానికి పదడుగుల దూరంలో వాటర్ ట్యాంకు శ్లాబు కింద పెద్ద తేనెపట్టు వేలాడుతున్నమాట కూడా నిజం, మా వాచ్‌మన్ దాన్ని హెజ్జేను అంటాడు, ఇంగ్లీషులో రాక్ బీ అంటారు, పెట్టెల్లో పెంచే రకం కాదు, ఒకటే పలక, దాదాపు మీటరు వెడల్పు, దాని మీద వేల ఈగలు పొరలు పొరలుగా కప్పుకుని ఉంటాయి. కందిరీగ దగ్గరికొస్తే అన్నీ వరసగా పొట్టలు పైకి ఎగరేస్తాయి, దూరం నుంచి చూస్తే గూడు మీద నీళ్ళలో అల పోయినట్టు కనపడుతుంది, స్టేడియంలో జనం లేచి కూర్చున్నట్టు. అది చూడ్డానికే నేను టీ గ్లాసు పట్టుకుని పైకి పోతుంటాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పనిచేసేది రేడియో టెస్టింగ్‌లో, ఫోన్లూ యాంటెన్నాలూ ఎంత పవర్ వదుల్తున్నాయో కొలిచే పని. కాబట్టి నేనేం చెప్పినా "ఆ ఉప్పు తింటున్నాడు కాబట్టి ఆ మాటే అంటాడు" అంటారు, అనాలి కూడా. నిజం చెప్పాలంటే పదేళ్ళుగా ఎవరడిగినా "అది నాన్ అయొనైజింగ్, ఏం కాదు" అని ఒక్క ముక్కతో కొట్టిపారేసేవాణ్ణి. ఆరోజు మదనపల్లె నుంచి మా నాయన వచ్చి ఇంట్లో ఉన్నాడు, గ్రూపులో గొడవంతా చదివి వినిపిస్తే ఆయన నింపాదిగా "మన ఊర్లో టవరు పడినాంకనే కదరా పిచ్చికలు కనపడకుండా పోయింది, నువ్వు కాదంటే కాకుండా పోతుందా" అన్నాడు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఒక మూడు వారాలు కూర్చుని దొరికిన రీసెర్చ్ పేపర్లు చదివాను, చదివాక అర్థమైంది ఏంటంటే అటు గ్రూపువాళ్ళు చెప్పేది తప్పే, ఇటు నేను పదేళ్ళు చెప్పింది కూడా పూర్తిగా ఒప్పు కాదు.

ముందు నాన్ అయొనైజింగ్ అనే ముక్క సంగతి చూద్దాం. ఎక్స్‌రేలాగా అణువుల్లోంచి ఎలక్ట్రాన్లని ఊడగొట్టే శక్తి సెల్ సిగ్నల్‌కి లేదు, అది నిజం. మైక్రోవేవ్ ఓవెన్‌లో అయినట్టు బాగా ఎక్కువ పవర్ ఇస్తే మాత్రం వేడెక్కిస్తుంది. అందుకే ప్రపంచమంతా లిమిట్లు పెట్టింది వేడి లెక్కనే, అది కూడా మనిషి ఒంటికి ఎంత వేడి తగిలితే ప్రమాదమో చూసి. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ లిమిట్‌లో పదో వంతు పెట్టారు, 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకి 0.45 వాట్లు. నేను వీధుల్లో కొలిచిన చోటల్లా దానికంటే చాలా చాలా తక్కువే వచ్చింది. కానీ గమనించండి, ఇందులో ఈగ లేదు, పిట్ట లేదు, కప్ప లేదు, ఆ లిమిట్ రాసినవాళ్ళు మనిషిని తప్ప దేన్నీ దృష్టిలో పెట్టుకోలేదు. కాబట్టి "లిమిట్ లోపలే ఉంది" అన్నంత మాత్రాన తేనెటీగ సంగతి తేలినట్టు కాదు.

ఇంకో విషయం, టవర్ కిందే ఎక్కువ రేడియేషన్ అనుకుంటారు అందరూ. టవర్ మీద నిలువుగా కనపడే ఆ తెల్ల పెట్టెలు సిగ్నల్‌ని టార్చి లైటులాగా అడ్డంగా ముందుకి కొడతాయి, కొద్దిగా కిందకి వంచి. దీపం కింద చీకటి అన్నట్టు సరిగ్గా దాని కింద బలహీనంగా ఉంటుంది, ఎదురు బిల్డింగ్ బాల్కనీలో అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. అంటే మా తేనెపట్టు ఎంచుకున్న జాగా పాపం అంత అన్యాయమైనదేం కాదు.

తేనెటీగలకీ సెల్‌ఫోన్లకీ ముడిపెట్టిన కథ 2007లో మొదలైంది. అప్పటికి కొన్ని నెలలుగా అమెరికాలో తేనెటీగల పెట్టెలు ఖాళీ అయిపోతున్నాయి, రాణి ఉంటుంది, పిల్లలుంటాయి, పనిచేసే ఈగలు మాత్రం మాయం. అదే టైములో జర్మనీలో కోబ్లెంజ్ లాండౌ యూనివర్సిటీ వాళ్ళు చేసిన చిన్న ప్రయోగం ఒకటి ఒక బ్రిటిష్ పేపర్ కంటపడింది, సెల్‌ఫోన్లే తేనెటీగల్ని చంపుతున్నాయా అని పెద్ద హెడ్డింగు. ఆ ప్రయోగంలో ఉన్నది సెల్‌ఫోన్లు కానే కాదు, ఇంట్లో ల్యాండ్‌లైన్‌కి వాడే కార్డ్‌లెస్ ఫోన్ బేస్, దాన్ని నేరుగా తేనెపెట్టె అడుగున పెట్టారు. మా పనిని తప్పుగా అర్థం చేసుకున్నారు, అమెరికాలో జరిగేదానికీ దీనికీ సంబంధం లేదు అని చేసినవాళ్ళే మొత్తుకున్నారు. ఎవరు వింటారు?

2010లో మన చండీగఢ్ పంజాబ్ యూనివర్సిటీ నుంచి ఒకటి కరెంట్ సైన్స్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది, ఇది మన పేపర్లలో బాగా తిరిగింది. తేనెపెట్టె లోపల రెండు సెల్‌ఫోన్లు పెట్టి కాల్ ఆన్ చేసి పావుగంట చొప్పున రోజుకి రెండుసార్లు. రాణి గుడ్లు తగ్గాయి, తేనె తెచ్చే ఈగలు తగ్గాయి అని రాశారు. మొత్తం నాలుగు గూళ్ళు. తర్వాతి ఏడాది స్విట్జర్లాండ్‌లో డానియెల్ ఫావ్రె కూడా గూట్లో ఫోన్లు పెట్టి లోపలి శబ్దం రికార్డ్ చేస్తే, గూడు కదిలిపోతున్నప్పుడో ఏదో కంగారు పడ్డప్పుడో పనీగలు చేసే పైపింగ్ అనే కూత వినపడింది. ఇవి అబద్ధాలని నేననను, అయితే ఫోను గూట్లో పెట్టడమంటే పడుకున్న మనిషి దుప్పట్లో స్టవ్ పెట్టినట్టు, వీధి చివర బజ్జీల బండి వల్ల ఒళ్ళు కాలుతుందా అనే ప్రశ్నకి దాంట్లోంచి జవాబు రాదు. సిగ్నల్ దూరానికి వర్గం లెక్కన పడిపోతుంది, దూరం పది రెట్లయితే బలం నూరో వంతు. పైగా నాలుగు గూళ్ళంటే వాటిలో ఒక రాణి మామూలుగానే బలహీనంగా ఉన్నా లెక్క మొత్తం తిరగబడుద్ది.

కాస్త జాగ్రత్తగా చేసినవి కూడా ఉన్నాయి. 2019లో జర్మనీలోనే రాణీగల ప్యూపాల మీద, అంటే ఇంకా రెక్కలు రాని దశలో ఉన్నవాటి మీద, ఫోన్ రేడియేషన్ పెట్టి చూస్తే, ఎదిగి బయటికొచ్చే రాణుల సంఖ్య తగ్గింది, కానీ బతికి బయటికొచ్చినవి మామూలుగానే జత కట్టాయి, వాటి గూళ్ళు బానే ఉన్నాయి. అది కూడా అతి దగ్గర్లో పెట్టిన ఫోనే. అంటే బాగా దగ్గరగా, బాగా బలంగా ఉంటే ఏదో ఒకటి అవుతుంది. టవర్ దూరానికి ఆ మాట నిలబడుద్దా లేదా అన్నది వేరే సంగతి.

ఇప్పుడు నా నోరు మూయించిన పేపరు దగ్గరికొద్దాం. జర్మనీ ఓల్డెన్‌బర్గ్ యూనివర్సిటీలో హెన్రిక్ మోరిట్సెన్ అనే ఆయన దగ్గర యూరోపియన్ రాబిన్ అనే పిడికెడంత పిట్టలున్నాయి, ఇవి రాత్రిళ్ళు వలస పోయే రకం, భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దిక్కు తెలుసుకుంటాయి. గరాటు ఆకారంలో ఉండే బోనులో పెడితే వెళ్ళాల్సిన దిక్కుకే ఎగిరి ఎగిరి గోడ మీద గోళ్ళ గీతలు పెడతాయి, ఆ గీతల్ని లెక్కపెట్టి దిక్కు పట్టుకుంటారు. ఆయన క్యాంపస్‌లో చెక్క గుడిసెల్లో ఇది చేస్తే పిట్టలకి దిక్కే తెలీట్లా, ఎటుపడితే అటు ఎగురుతున్నాయి. ఏం చేసినా కుదర్లేదు, చివరికి గుడిసెలకి లోపల అల్యూమినియం రేకులు కొట్టి ఎర్త్ చేస్తే, పిట్టలు సరైన దిక్కు చూపించాయి. ఎర్త్ వైరు తీసేస్తే మళ్ళీ అయోమయం. లోపలే కావాలని రేడియో గోల పుట్టిస్తే మళ్ళీ అయోమయం. ఊరి బయట పల్లెటూళ్ళో రేకుల్లేకుండానే బాగా ఉన్నాయి. ఏడేళ్ళ పాటు వేరువేరు స్టూడెంట్లు, రేకుకి ఎర్త్ ఉందో లేదో గీతలు లెక్కపెట్టేవాళ్ళకి తెలీకుండా చేశారు, 2014లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. వేడి ఊసే లేదు అక్కడ, మనిషికి పెట్టిన లిమిట్‌తో పోలిస్తే ఆ సిగ్నల్ లెక్కలోకి రాదు. అయినా పిట్ట దిక్సూచి పనిచేయలేదు.

ఎందుకంటే ఆ దిక్సూచి ఇనప ముక్క కాకపోవచ్చు. పిట్ట కంట్లో క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీన్ ఉంటుంది, దాని మీద వెలుగు పడితే ఒక జత ఎలక్ట్రాన్ల స్పిన్లు, అంటే వాటికుండే బుల్లి అయస్కాంతాల దిశలు, అటూ ఇటూ ఊగుతాయి, ఆ ఊగడం మీద భూమి అయస్కాంతం ప్రభావం ఉంటుంది, పిట్ట బహుశా ఆ తేడాని చూస్తుంది. అంత సున్నితమైన ఊగడాన్ని తగిన ఫ్రీక్వెన్సీలో ఉన్న ఏ చిన్న రేడియో గోలైనా చెడగొట్టగలదు. ఇది చదివినరోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి, వేడి లేకపోతే ఏం కాదని పదేళ్ళు చెప్పాను మరి.

అయితే ఫ్రీక్వెన్సీ ఏంటో చూడాలి, అసలు చిక్కుముడి అంతా అక్కడే. ఓల్డెన్‌బర్గ్‌లో పిట్టల్ని ఇబ్బంది పెట్టింది 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ దాకా, అంటే ఏఎం రేడియో, రకరకాల ఎలక్ట్రానిక్ సామాన్లు పుట్టించే గోల. మన ఆకాశవాణి బెంగళూరు మీడియం వేవ్ 612 కిలోహెర్ట్జ్ ఆ రేంజిలోనే పడుద్ది, సెల్ టవర్ పడదు. తర్వాత అదే టీము ఇంకో వలస పిట్ట మీద పైకి పైకి పోయి చూశారు, 75 నుంచి 85 మెగాహెర్ట్జ్ దాకా దిక్కు తప్పాయి, 140 నుంచి 150కి పోతే పిట్టలు పట్టించుకోలేదు. ఎఫ్‌ఎం రేడియో 88 నుంచి 108, మధ్యలో పడింది. సెల్ సిగ్నల్ మొదలయ్యేదే 700 మెగాహెర్ట్జ్ నుంచి, ఇంకా చాలా పైన. చలికాలంలో ఉత్తరం నుంచి లాల్‌బాగ్ చెట్లమీదకొచ్చే వార్బ్లర్ అనే చిన్న చిన్న పిట్టల గురించి నాకు బెంగ ఉంటే అది టవర్ గురించి కాదు, నగరంలో తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పుట్టే ఆ గోల గురించి, దాని మీద ఇక్కడ ఎవరూ గొడవ పడట్లేదు. మా నాయన పిచ్చుక అసలు వలసే పోదు, పుట్టిన వీధిలోనే బతికి పోతుంది, దానికి ఈ దిక్సూచి గొడవ వర్తించదు.

ఫైవ్‌జీ గురించి భయపడేవాళ్ళు చెప్పే ఒక మాటలో మాత్రం పస ఉంది. ఏ వస్తువైనా తరంగం పొడవులో సగం ఉన్నప్పుడు సిగ్నల్‌ని బాగా లాక్కుంటుంది, పాత టీవీ యాంటెన్నా కొలిచి కట్టింది అందుకే. 900 మెగాహెర్ట్జ్ తరంగం 33 సెంటీమీటర్లు, దాని ముందు ఈగ ఒక నలుసు, తరంగం దాన్ని గమనించకుండానే పోతుంది. 3.5 గిగాహెర్ట్జ్‌లో ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. 2022 వేలంలో అమ్మిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పదకొండున్నర మిల్లీమీటర్లు, ఇది ఈగ సైజు. 2018లో బెల్జియం పరిశోధకుడు ఆర్నో తీలెన్స్ వాళ్ళు తేనెటీగ, మిడత, పేడపురుగు లాంటి వాటి కంప్యూటర్ బొమ్మలు చేసి లెక్కేస్తే, గాల్లో ఉన్న సిగ్నల్ పవర్‌లో పదో వంతు 6 గిగాహెర్ట్జ్ పైకి మారినా పురుగు పీల్చుకునేది 3 శాతం నుంచి 370 శాతం దాకా పెరుగుద్దని తేలింది. 370 శాతం అనే ముక్క ఫార్వర్డ్ అయినన్ని సార్లు ఇంకేదీ అయ్యుండదు. దేనికి 370 శాతం అని ఎవరూ అడగరు. అదే ఆయన తర్వాత నిజమైన పొలాల్లో కొలిచి లెక్కేస్తే తేనెటీగ ఇప్పుడు పీల్చుకుంటున్నది ఒక నానోవాట్ కంటే తక్కువ. ఎగిరే తేనెటీగ రెక్కల కండరాలు ఖర్చు పెట్టేది పదుల మిల్లీవాట్లు, అంటే కోట్ల రెట్లు ఎక్కువ. కూలిమనిషి జేబులోంచి పైసా పోయేచోట ఐదు పైసలు పోయినట్టు. వేడి వరకే ఈ లెక్క, రాబిన్ లాంటి కథ ఈగలో కూడా ఏదైనా ఉంటే దాన్ని ఈ లెక్క పట్టుకోలేదు.

ప్రయోగశాల వదిలి బయట చూసినవాళ్ళూ ఉన్నారు. స్పెయిన్ వల్లదోలిద్‌లో ఆల్ఫోన్సో బల్మోరి కొంగల గూళ్ళు లెక్కపెట్టాడు, టవర్‌కి 200 మీటర్లలోపు గూటికి సగటున 0.86 పిల్లలు, 300 దాటితే 1.6. వినగానే గుండె ఝల్లుమంటుంది. కానీ టవర్ ఎక్కడ పెడతారు? జనం ఉన్నచోట, ట్రాఫిక్ ఉన్నచోట, చెట్లు కొట్టేసినచోట. ఆయనే కప్ప పిల్లల్ని రెండు తొట్టెల్లో వేసి టవర్‌కి 140 మీటర్ల దూరంలో మేడ మీద పెట్టాడు, ఒకదానికి సిగ్నల్ రాకుండా జాలీ కట్టాడు, రెండు నెలల్లో జాలీ లేనిదాంట్లో 90 శాతం పోయాయి, ఉన్నదాంట్లో 4.2. రెండంటే రెండే తొట్టెలు. ఒక తొట్టెలో నీళ్ళు చెడినా ఇదే ఫలితం వస్తుంది, ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గ్రీస్‌లో రెండు దీవుల్లో 2016లో వచ్చిన సర్వే ఇంకా విచిత్రం, టవర్ సిగ్నల్ ఎక్కువ ఉన్నచోట పెంకు పురుగులు, కందిరీగలు, పూల మీద వాలే హోవర్ ఈగలు తగ్గాయి, నేలలో గూడు పెట్టే అడవి తేనెటీగలు పెరిగాయి, సీతాకోకచిలుకలకి తేడా లేదు. దీన్ని ఏ గ్రూపులో ఫార్వర్డ్ చేస్తారు చెప్పండి. ఇక హేగ్‌లో 2018లో పార్కులో చచ్చిపడ్డ మూడు వందల పైచిలుకు స్టార్లింగ్ పిట్టల ఫోటో వస్తే మాత్రం వెంటనే డిలీట్ కొట్టండి, అవి పడ్డ రోజుల్లో అక్కడ ఫైవ్‌జీ టెస్టే జరగలేదు.

మన దేశంలో 2010లో పర్యావరణ శాఖ అసద్ రహ్మానీ ఆధ్వర్యంలో కమిటీ వేసింది, 919 పేపర్లు తిరగేశారు, ఉన్న టవర్‌కి కిలోమీటరు లోపల కొత్తది పెట్టనివ్వొద్దని సలహా 2012లో బయటికొచ్చింది. మారతహళ్ళి బ్రిడ్జి మీద నిలబడి చుట్టూ చూడండి, ఆ సలహా ఏమైందో తెలుస్తుంది.

పిచ్చుక సంగతి. 2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక ప్రకారం పాతికేళ్ళలో ఊరపిచ్చుక దేశం మొత్తమ్మీద నిలకడగానే ఉంది, తగ్గింది పెద్ద నగరాల్లో, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ అందులో ఉన్నాయి. టవర్లు లేని ఊరు ఇప్పుడెక్కడుంది, టవరే కారణమైతే అన్నిచోట్లా పోవాలి కదా. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది గానీ గూట్లో పిల్లలకి పురుగులే పెట్టాలి, మెత్తటి పురుగులు, మొదటి రోజుల్లో అవి లేకపోతే పిల్ల బతకదు. ఇది చెప్తూ నాయనని అడిగాను, టమాటాకి ఏం మందు కొడతావని. "ఇమిడా" అన్నాడు, అంటే ఇమిడాక్లోప్రిడ్. ఎన్నిసార్లు? "తెల్లదోమ ఉంటే వారానికొకసారి, లేకుంటే పదైదు రోజులకి." ఆ మందుని యూరప్‌లో 2018లో బయట పొలాల్లో కొట్టకుండా నిషేధించింది తేనెటీగల కోసమే. నాయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే మందు కొట్టకుండా పంట నువ్వు పండిస్తావా" అన్నాడు. దానికీ నా దగ్గర జవాబు లేదు.

బెంగళూరు తేనెటీగలకి ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే మాత్రం టవర్ వదిలేసి ఒక్క పేపర్ చదవాలి. ఇక్కడి ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో షానన్ ఓల్సన్ ల్యాబులో గీతా తిమ్మేగౌడ చేసిన పని, 2020లో వచ్చింది, ఈగలు మా ట్యాంకు కింద ఉన్న రకమే. గాలి శుభ్రంగా ఉన్నచోటి నుంచి కంపు కొట్టే రోడ్ల పక్క దాకా నగరంలో వేరువేరు చోట్ల మూడేళ్ళ పాటు 1,800కి పైగా ఈగల్ని చూశారు. ఓ మోస్తరు నుంచి బాగా పొల్యూషన్ ఉన్న చోట్ల పట్టుకున్న ఈగల్లో 80 శాతం పైనే 24 గంటల్లో చచ్చిపోయాయి. పూల మీదకి రావడం తగ్గింది, గుండె కొట్టుకోవడంలో తేడా వచ్చింది, ఒంటి మీద దుమ్ము అంటుకుని ఉంది. ఇది కూడా కొంగల లెక్కలాగే అయ్యుండొచ్చు కదా, రోడ్డు పక్కనైతే టవర్లు కూడా ఎక్కువే కదా అనే అనుమానం నాకూ వచ్చింది. వాళ్ళు ల్యాబులో పెంచిన పండుఈగల్ని కూడా అదే చోట్లకి తీసుకెళ్ళి పెట్టి చూశారు, వాటికీ అలాంటి తేడాలే వచ్చాయి. దాంతో కూడా టవర్ పూర్తిగా పక్కకి పోదులెండి, కానీ దుమ్ముని కొలిచారు, దుమ్ము పెరిగే కొద్దీ ఒంట్లో జరిగేది చూశారు, సెల్ సిగ్నల్ విషయంలో నగరంలో ఆ పాటి లెక్క నాకు ఎక్కడా కనపడలేదు.

ఇక కారిడార్. రాక్ బీస్‌కి ఒక అలవాటుంది, వెన్నెల రాత్రుల్లో కూడా మేతకి పోతాయి. రాత్రిపూట ఎగిరే ఈగకి మా నాలుగో ఫ్లోర్ కారిడార్ ఎల్‌ఈడీ ట్యూబులు తగిలాయంటే అంతే. పురుగు ఎప్పుడూ వీపుని వెలుగు వైపుకి తిప్పుకుని ఎగురుద్ది, రాత్రి అయినా సరే ఆకాశమే కాస్త వెలుగుగా ఉంటుంది కాబట్టి పైకేదో కిందికేదో దానికి అలా తెలుస్తుంది. 2024లో హైస్పీడ్ కెమెరాలతో దీపాల చుట్టూ తిరిగే పురుగుల్ని తీసి ఇది చూపించారు, పక్కన దీపం ఉంటే పురుగు దానికే వీపు చూపిస్తూ చుట్టూ తిరుగుతూ ఉంటుంది, దీపం పురుగుకి కింద వైపు ఉంటే ఏకంగా తలకిందులై పడిపోతుంది. దీపం పురుగుని పిలవదు, దానికి పైన ఏదో కింద ఏదో తెలీకుండా చేస్తుంది. తెల్లారేదాకా ట్యూబుకి కొట్టుకుని కొట్టుకుని టైల్స్ మీద పడతాయి.

వెలుగు అంటే ఏంటి, అదీ ఎలక్ట్రోమాగ్నెటిక్ రేడియేషనే, సెల్ సిగ్నల్ ఎక్కడుందో అదే వరసలో ఇంకా పైకి పోతే వచ్చేది. కాబట్టి గ్రూపులో "రేడియేషన్ వల్ల చచ్చాయి" అన్న ఆంటీ మాట అక్షరాలా నిజం, ఏ రేడియేషన్ అనేదే తేడా. దీనికి సాక్ష్యం కావల్సినంత ఉంది. స్విట్జర్లాండ్‌లో 2017లో రాత్రి పూట పచ్చికబయళ్ళలో వీధి దీపాలు పెట్టి చూస్తే పూల మీదకి రాత్రి పురుగుల రాక 62 శాతం తగ్గింది. టవర్లు పిట్టల్ని చంపుతాయన్నదీ నిజమే, అమెరికా, కెనడాల్లో ఏడాదికి 68 లక్షల పిట్టలు టవర్లకి గుద్దుకుని పోతాయని ఒక అంచనా, రేడియేషన్‌తో కాదు, మేఘాల రాత్రుల్లో టవర్ మీద ఆరకుండా వెలిగే ఎర్ర లైటు చుట్టూ తిరిగి తిరిగి టవర్‌ని పట్టుకున్న స్టే వైర్లకి కొట్టుకుని. ఆ లైటు నిలకడగా కాకుండా ఆరుతూ వెలుగుతూ ఉండేలా మారిస్తే మిచిగన్‌లో చావులు సగానికి పైగా తగ్గాయి.

మాటలెందుకని చిన్న పరీక్ష పెట్టాం. నాయన తొమ్మిదింటికే పడుకుంటాడు, ఐదున్నరకి లేస్తాడు, కాబట్టి లెక్కపెట్టే పని ఆయనది. రాత్రి పదకొండుకి వాచ్‌మన్ నాణెం ఎగరేసి బొమ్మ పడితే నాలుగో ఫ్లోర్ ట్యూబులు ఆర్పేసి నైట్ లాంప్ ఒక్కటే ఉంచాలి, బొరుసు పడితే అలాగే వదిలేసి, తెల్లారి ఐదుకల్లా మామూలుగా అన్నీ వేసేయాలి, ఏ రాత్రి ఏం చేశాడో నాయనకి చెప్పకూడదు. పది రాత్రులు. నాయన చీపురు పుల్లతో ఒక్కోదాన్ని పక్కకి జరుపుతూ లెక్కపెట్టి పాత క్యాలెండర్ వెనక రాసేవాడు. వెలిగిన రాత్రుల్లో ఎప్పుడూ ఇరవైకి తక్కువ లేవు, ఒకసారి నలభై మూడు. ఆరిన రాత్రుల్లో రెండు, మూడు, ఒకసారి సున్నా, ఒక్క రాత్రి మాత్రం పదకొండు, అది ఐదో ఫ్లోర్‌వాళ్ళ మెట్ల లైటు వల్ల అని నా అనుమానం. టవర్ పది రాత్రులూ ఆన్‌లోనే ఉంది. ఆఫీసులో ఇది చెప్తే మా టీమ్ లీడ్ నవ్వి, "ఒకటే కారిడారు, ఒకటే గూడు, నువ్వు తిట్టిన ఆ రెండు తొట్టెలకీ నీకూ తేడా ఏంటి" అన్నాడు. ఒప్పుకున్నాను, నాణెం ఎగరేశాం అన్నదొక్కటే తేడా.

క్యాలెండర్ ఫోటో గ్రూపులో పెట్టాను. ఇద్దరు థంబ్స్‌అప్ పెట్టారు, ఒకాయన టవర్ కంపెనీ నీకెంత ఇచ్చిందన్నాడు. పెస్ట్ కంట్రోల్‌వాడికి అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశామని సెక్రటరీ అంటే దానికి మాత్రం పెద్ద గొడవ చేశాను, మందు కొట్టి కాల్చడానికి రెండువేల ఐదొందలు అట, ఆ డబ్బుతో రెండు మోషన్ సెన్సార్లు వస్తాయని ట్రెజరర్ గారు నా పక్షం మాట్లాడారు, ఆయనకి డబ్బు ముఖ్యం కావడం ఆరోజు కలిసొచ్చింది. సెన్సార్లు పెట్టారు. నాయన వెళ్తూ వెళ్తూ క్యాలెండర్ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు, ఊర్లో చూపించాలంట.

మే చివర్లో మొదటి వాన పడ్డాక ఒక పొద్దున పైకి పోతే పట్టు ఖాళీ, పల్చటి మైనం పలక ఒక్కటే శ్లాబుకి వేలాడుతోంది, ఏటా ఆ టైముకి అవి అలాగే లేచిపోతాయి. గ్రూపులో ఐదో ఫ్లోర్ ఆంటీ రాసింది, చూశారా రేడియేషన్ తట్టుకోలేక పారిపోయాయి అని. వాచ్‌మన్ మాత్రం ఆ మైనం పలకని దులపనివ్వలేదు, చలికాలానికి మళ్ళీ ఇక్కడికే వస్తాయి సార్, ఆ గుర్తు ఉండనీ అన్నాడు.